మే 28 పొద్దున్న ఏడింటికి: యుద్ధంలో పోయిన హెలికాప్టర్ పైలట్‌ని అపార్ట్‌మెంట్‌లో ఎలా గుర్తు చేసుకోవాలి

ముందే చెప్పేస్తున్నా, మొదటి ఏడాది మేం ఈ కార్యక్రమాన్ని పాడుచేశాం. అందుకే ఇది రాస్తున్నా, ఇంకో అపార్ట్‌మెంట్ వాళ్లో తెలుగు సంఘం వాళ్లో చేద్దామనుకుంటే మా తప్పులు మళ్లీ మీరు చెయ్యకుండా ఉంటారని.

మేం ఉండేది బెంగళూరులో కగ్గదాసపుర వైపు. విమానాలు, హెలికాప్టర్లు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్ రన్‌వే పక్కనే కాబట్టి పొద్దున్న కాఫీ తాగుతుంటే టెస్ట్ ఫ్లైట్‌కి లేచిన హెలికాప్టర్ ఏదో ఒకటి కిటికీ అద్దాలు గలగలలాడిస్తూ పోతుంది, కొత్తగా దిగిన వాళ్లు బాల్కనీలోకి పరిగెడతారు, పాతవాళ్లు టీవీ సౌండ్ పెంచుకుంటారు. మా కాంప్లెక్స్‌లో తెలుగు కుటుంబాలు ఓ ముప్ఫై దాకా ఉంటాయి. 2019లో కార్గిల్ యుద్ధానికి ఇరవయ్యేళ్లు నిండాయని వాట్సాప్ గ్రూప్‌లో మాటొచ్చింది, రోజూ నెత్తి మీద హెలికాప్టర్లు తిరిగే చోట ఉంటున్నాం కదా ఆ యుద్ధంలో పోయిన హెలికాప్టర్ పైలట్లనే గుర్తు చేసుకుందాం అన్నారొకరు, అందరం థంబ్స్ అప్ కొట్టేశాం. పన్నెండడుగుల ఫ్లెక్స్ వేయించాం. పైన ఇద్దరు పైలట్ల పేర్లు, పక్కన "వీరచక్ర" అని పెద్ద అక్షరాలు, కింద మా కమిటీ వాళ్ల ఫోటోలు ఏడు, నవ్వుతూ, అందులో నాదీ ఒకటి.

మా సి బ్లాక్ అంకుల్ ఒకాయన ఉన్నారు, విజయనగరం వైపు మనిషి, ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ల మీదే సర్వీసంతా చేసి జూనియర్ వారెంట్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. ఆయన వాకింగ్ నించి వస్తూ ఫ్లెక్స్ ముందు ఆగి, పైనించి కిందకి చదివి, "ఏటి బాబూ, హెలికాప్టర్ ఇద్దరే తీసికెళ్లిపోనారా? ఎనకాల కూకున్నోళ్లు ఏటైపోనారు?" అన్నారు. అంతే, ఇంకేం అనలేదు, లిఫ్ట్ ఎక్కేశారు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది. 1999 మే 28న శత్రువు కూల్చిన ఆ హెలికాప్టర్‌లో పోయింది నలుగురు. స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండిర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ఎస్. ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ ఆర్.కె. సాహు. మేం రాసిన పతకం కూడా తప్పే, నలుగురికీ మరణానంతరం వచ్చింది వాయుసేనా మెడల్, శౌర్యానికి ఇచ్చేది. వీరచక్ర వచ్చింది అంతకు ముందు రోజు మిగ్-21తో పోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజాకి, ఆయన ఫైటర్ పైలట్. రెండు రోజుల్ని కలిపేసి ఫ్లెక్స్ కొట్టించాం మేం.

సరే, ఇప్పుడు ఎలా చెయ్యాలో చెప్తా.

ముందు పేర్లు

అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టండి. హెలికాప్టర్ అంటే పైలట్ ఒక్కడే అనుకుంటాం, సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి. ఎంఐ-17 లాంటి పెద్ద హెలికాప్టర్‌లో ముందు ఇద్దరు పైలట్లుంటే వాళ్లతో పాటు ఫ్లైట్ ఇంజినీర్, ఫ్లైట్ గన్నర్ కూడా ఉంటారు, ఇంజన్ ఉష్ణోగ్రతలు చూసేవాళ్లు, కిందనించి ఎవడు కాలుస్తున్నాడో చూసేవాళ్లు. పైలట్ పేరు దొరకగానే ఆగకుండా "ఆ రోజు అదే మెషిన్‌లో ఇంకెవరున్నారు" అని కూడా వెతకండి. ఆఫీసర్ల పేర్లు తేలిగ్గా దొరుకుతాయి, సార్జెంట్ల పేర్లకి కాస్త తవ్వాలి.

ఎక్కడ వెతకాలంటే, ఢిల్లీలో నేషనల్ వార్ మెమోరియల్‌కి సొంత వెబ్‌సైట్ ఉంది, పేరు కొట్టి చూడొచ్చు, అక్కడే ఆన్‌లైన్‌లో నివాళి కూడా పెట్టొచ్చు. పతకాల సంగతికి రక్షణ శాఖ వాళ్ల గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్ ఉంది. ఎయిర్‌ఫోర్స్ చరిత్ర కోసమైతే భారత్ రక్షక్ అనే సైట్, అక్కడ రికార్డులు ఓపిగ్గా పోగేసి పెట్టారు. ప్రభుత్వం పత్రికలకిచ్చే ప్రకటనలు కూడా పనికొస్తాయి, 2024లో కార్గిల్‌కి పాతికేళ్లయినప్పుడు సర్సావా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లో కార్యక్రమం జరిగింది, ఆ సందర్భంగా ఇచ్చిన ప్రకటనలో ఈ నలుగురి పేర్లూ, వాళ్ల యూనిట్ 152 హెలికాప్టర్ యూనిట్ అనీ, అన్నీ ఉన్నాయి. వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డ్ మాత్రం దేనికీ ఆధారం కాదు, మా "వీరచక్ర" అక్కణ్నించే ఊడిపడింది.

స్పెల్లింగ్ గొడవ ఒకటుంటుంది. పుండిర్ అన్న పేరే ఇంగ్లిష్‌లో ఒకచోట హెచ్‌తో, ఇంకోచోట హెచ్ లేకుండా కనిపిస్తుంది. ఇలాంటప్పుడు ఏదో ఒక అధికారిక రికార్డు పట్టుకుని బోర్డు మీదా చదివే కాగితంలోనూ అన్నిచోట్లా అదే రాయండి. ముహిలన్ తమిళ పేరు, దాన్ని "ముఖిలన్" అనీ "మోహిలాన్" అనీ చదవకుండా మా పక్క ఫ్లాట్ తమిళ ఆంటీని అడిగి పలకడం నేర్చుకున్నాం, ఆవిడ ముహిల్ అంటే మబ్బు అని చెప్పారు. ర్యాంకు కూడా చనిపోయిన రోజు ఉన్నదే రాయాలి. ఒట్టి పేరు రాసి ముందు "శ్రీ" తగిలించొద్దు, ర్యాంకు వాళ్లు కష్టపడి సంపాదించుకున్నది.

ఏం జరిగిందో అయిదు నిమిషాల్లో చెప్పడం

ఇది ఎవరో ఒకరు రాసుకొచ్చి చదవాలి, నోటికొచ్చినట్టు మాట్లాడితే మధ్యలో ఎన్నికలు దూరతాయి. మేం చదివేది సుమారుగా ఇలా ఉంటుంది, కావాలంటే వాడుకోండి.

1999 మే 26న ఎయిర్‌ఫోర్స్ ఆపరేషన్ సఫేద్ సాగర్ అన్న పేరుతో కార్గిల్‌లో దాడులు మొదలుపెట్టింది. 27న రెండు ఫైటర్లు పోయాయి. 28న ద్రాస్ దగ్గర టోలోలింగ్ మీద శత్రువు స్థావరాల్ని కొట్టడానికి ఎంఐ-17లు బయల్దేరాయి, కలిసి ఎగిరిన ఆ గుంపు పేరు నుబ్రా. టోలోలింగ్ ఎందుకంత ముఖ్యమంటే శ్రీనగర్ నించి లేహ్ వెళ్లే హైవే ఆ కొండమీద కూర్చున్నవాడికి అరచేతిలో ఉన్నట్టే. ఎంఐ-17 అసలు మనుషుల్నీ సరుకుల్నీ మోసే హెలికాప్టర్, దానికి రాకెట్లు తగిలించి పంపారు. దాడి చేసి వెనక్కి తిరుగుతుండగా స్టింగర్ తగిలింది, భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణి. నలుగురూ అక్కడే పోయారు. ఆ తర్వాత సాయుధ హెలికాప్టర్లని దాడులకి పంపడం ఆపేశారు. జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ వాళ్లు టోలోలింగ్‌ని పట్టుకున్నారు, జూలై 26న యుద్ధం ముగిసింది.

ఇంతే. ఇందులో వాళ్లు చివరిగా ఏం మాట్లాడుకున్నారు, ఏం తలుచుకున్నారు అని ఎవరూ కల్పించొద్దు. ఒక ఏడాది మా కుర్రాడొకడు బాగా రాస్తాడని అప్పజెప్తే కాక్‌పిట్‌లో డైలాగులు రాసుకొచ్చాడు, "భారత్ మాతా కీ" అంటూ, కళ్లల్లో నీళ్లు పెట్టించేట్టు. అంకుల్ చదివి కాగితం మడిచి వెనక్కిచ్చి, "ఆ టైమ్‌లో చేతినిండా పనుంటది నాన్నా, డైలాగులకి టైముండదు" అన్నారు.

పిల్లలకి మాత్రం ఎందుకు పడిపోయింది అన్నది అర్థమయ్యేలా చెప్పాలి, వాళ్లు అడుగుతారు కూడా. రెండు సంగతులు చెప్తాం మేం. ఒకటి ఎత్తు. బెంగళూరు దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, టోలోలింగ్ సుమారు 15,000 అడుగులు. అక్కడ గాలి పల్చన, రెక్కలు తిరుగుతున్నా వాటికి దొరికే పట్టు తక్కువ, ఇంజన్‌కీ ఆయాసమే, బరువు తగ్గించుకోవాలి, గబుక్కున పక్కకి తిప్పుకోవడం కష్టం. రెండోది వేడి. స్టింగర్ ఇంజన్ వేడిని పట్టుకుని వెంటపడుతుంది. దాన్ని ఏమార్చడానికి హెలికాప్టర్‌లోంచి ఫ్లేర్లు వదుల్తారు, ఆ రోజు ఈ నలుగురున్న మెషిన్‌కి ఆ ఏర్పాటు లేదు. అంకుల్ దీనికి భలే ఉపాయం కనిపెట్టారు, క్లబ్‌హౌస్‌లో లైట్లార్పి అగరబత్తి వెలిగిస్తారు, అందరి చూపూ ఆ ఎర్ర చుక్క మీదే ఉంటుంది, అప్పుడు పక్కన మతాబు వెలిగిస్తారు, ఇంకెవరికీ అగరబత్తి కనపడదు. "ఫ్లేర్ అంటే ఈ మతాబే" అంటారు. ఒకటో క్లాసు పిల్లకి కూడా అర్థమైంది. (మతాబు దీపావళికి కొన్నవాటిల్లోంచి ఒకటి దాచుకోవాలి, మే నెలలో దొరకదు. ఫైర్ అలారం సంగతి సెక్యూరిటీకి ముందే చెప్పండి, మాకు ఒకసారి మోగింది.)

హెచ్‌ఏఎల్ పక్కన ఉన్నవాళ్లకి ఇంకో ముక్క చెప్పొచ్చు. అంత ఎత్తులో కొట్లాడగలిగే తేలికపాటి యుద్ధ హెలికాప్టర్ మనకి కావాలన్న ఆలోచన బలపడింది కార్గిల్ తర్వాతే, అదే ఇవాళ్టి ప్రచండ్, ఇక్కడే తయారై 2022 అక్టోబర్ 3న జోధ్‌పూర్‌లో ఎయిర్‌ఫోర్స్‌లో చేరింది. మన కిటికీ అద్దాలు ఊపుతున్నది దాని తమ్ముళ్లో అన్నలో అన్నమాట. ఆడపిల్లలు అడిగితే అదే యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపారని చెప్పండి, ఇద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు.

మాటలు జాగ్రత్త

"హెలికాప్టర్ క్రాష్‌లో చనిపోయారు" అని రాయకండి. శత్రువు కూల్చాడు, అది వేరు. అలాగే యుద్ధంలో పోయినవాళ్లనీ ప్రమాదంలో పోయినవాళ్లనీ ఒకే బోర్డు మీద కలిపెయ్యొద్దు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ రావత్‌తో పాటు మన చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్‌నాయక్ సాయితేజ కూడా పోయాడు, ఆ రోజు తెలుగువాళ్లందరం ఏడ్చాం, కానీ అది యుద్ధం కాదు, ప్రమాదం. ఆయన్ని వేరే రోజు, వేరేగా తలుచుకోండి. "అమరుడు", "వీరమరణం" అనడంలో తప్పేం లేదు, మన భాషలో పాతకాలం నించీ ఉన్న మాటలే. సైన్యం కాగితాల్లో మాత్రం షహీద్, మార్టిర్ అన్న పదం అధికారికంగా ఉండదు, బ్యాటిల్ క్యాజువల్టీ అనే రాస్తారు. మీ బోర్డు మీద ఏం రాసినా ఫరవాలేదు, "సర్కారు ఇచ్చిన బిరుదు" అన్నట్టు మాత్రం రాయొద్దు.

రోజు, టైమ్

మే 28 అనగానే తెలుగువాళ్లకి వచ్చే చిక్కు మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ఎన్టీఆర్ పుట్టినరోజు. హాల్ దొరకదు, మైక్ సెట్ దొరకదు, పాటలు పాడేవాళ్లు దొరకరు, సగం మంది సాయంత్రం అక్కడికే వెళ్తారు. మేం రెండో ఏడాది సాయంత్రం పెట్టి చూశాం, పక్క వీధిలోంచి "అన్నగారి" డైలాగులు వినిపిస్తుండగా మౌనం పాటించాం, పైగా మే నెలాఖరు బెంగళూరు సాయంత్రం అంటే వాన గ్యారంటీ, కరెంటు పోయింది. అప్పట్నించీ పొద్దున్న ఏడింటికి. ఎండ లేదు, వాన లేదు, ఆఫీసుకి వెళ్లేవాళ్లకీ కుదురుతుంది. రోజుని మాత్రం శనాదివారాలకి జరపకండి. జరిపితే అది ఇంకో గెట్ టుగెదర్ అయిపోతుంది. పదిమందే వచ్చినా ఫరవాలేదు, మాకు ఒక ఏడాది ఆరుగురే వచ్చారు, పిల్లలంతా సెలవులకి ఊళ్లలో ఉన్నారు.

తిథి చూసి చేద్దామా అని మా పెద్దాయన ఒకరు అడిగారు. వద్దనుకున్నాం. తిథి ఇంట్లోవాళ్లు చేసుకునే ఆబ్దికానికి, బయటివాళ్లం మనం తేదీ పట్టుకుంటే చాలు.

ఏర్పాట్లు

బల్ల ఒకటి, తెల్ల గుడ్డ, నాలుగు పేర్లు రాసిన బోర్డు, ఒక దీపం, పూలు. పేర్లు నాలుగూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి, ఇది అంకుల్ పెట్టిన రూల్. ఫోటోలు దొరికితే నలుగురివీ పెట్టండి, ఇద్దరివే దొరికితే ఎవరివీ పెట్టకండి. మా కమిటీ ఫోటోలు ఆ మొదటి ఏడాదితో సరి, ఆ ఫ్లెక్స్ ఇప్పుడు వానాకాలం బైకుల మీద కప్పడానికి వాడుతున్నాం, నా మొహం మీద ఎవరిదో హెల్మెట్ ఉంటుంది ఎప్పుడూ.

జెండా విషయంలో చాలామంది తప్పు చేస్తారు. జాతీయ జెండాని బల్ల మీద గుడ్డలా పరచకూడదు, ఫోటోకి కప్పకూడదు, దాని మీద ఏమీ రాయకూడదు, కింద నేలకి తగలకూడదు. జెండా కప్పడం ప్రభుత్వ లాంఛనాలతో, సైనిక లాంఛనాలతో జరిగే అంత్యక్రియలకే. మనంతట మనం జెండాని సగానికి దించడం కూడా కుదరదు, దానికి ప్రభుత్వ ఉత్తర్వు ఉండాలి. స్తంభం ఉంటే మామూలుగా పైదాకా ఎగరెయ్యండి, లేకపోతే మానెయ్యండి, జెండా లేకపోయినంత మాత్రాన ఏం తక్కువ కాదు. పిల్లలకి కాగితం జెండాలు పంచితే అయిపోయాక లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, డస్ట్‌బిన్‌లో కనపడితే అంతకంటే అవమానం లేదు.

మిలిటరీ డ్రెస్ ఎవరూ వేసుకోవద్దు, పెద్దవాళ్లు అసలు వద్దు. సెల్యూట్ కూడా మాజీ సైనికులకి వదిలెయ్యండి, మనం నిటారుగా నిలబడి చేతులు జోడిస్తే చాలు. చెప్పులు విప్పాలా అని అడుగుతారు, దీపం వెలిగించేవాళ్లు విప్పితే సరిపోతుంది.

బ్యూగిల్ గురించి చెప్పాలి. లాస్ట్ పోస్ట్ అని ఒక బాణీ ఉంటుంది, అది ఊదాక రెండు నిమిషాల మౌనం, తర్వాత రౌజ్ అనే ఇంకో బాణీ. బ్యూగిల్ వాయించేవాళ్లు మనకెక్కడ దొరుకుతారు, ఫోన్లో పెట్టుకోవడమే. ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. మేం నెట్‌లోంచి నేరుగా పెడితే లాస్ట్ పోస్ట్ సగంలో ఉండగా ఒకమ్మాయి హుషారుగా హోమ్ లోన్ కావాలా అని అడిగింది. ఆ నవ్వు ఆపుకోవడానికి మా పిల్లలు పడ్డ కష్టం ఇప్పటికీ తల్చుకుంటారు. స్పీకర్‌కి ఛార్జింగ్, ఫోన్‌కి ఫ్లైట్ మోడ్, రెండూ చూసుకోండి.

రెండు నిమిషాలు చాలా పెద్దవి. ఎవరైనా వాచీ చూసుకుంటూ నిలబడాలి, లేకపోతే ముప్ఫై సెకన్లకే ఎవరో గొంతు సవరించుకుని "థాంక్యూ ఆల్" అనేస్తారు. మౌనం మొదలయ్యే ముందు నాలుగు పేర్లూ ఒకరు చదవాలి, ర్యాంకుతో సహా, మెల్లగా. మా దగ్గర ఈ పని పిల్లలకిస్తాం, నలుగురు పిల్లలు, ఒక్కొక్కరూ ఒక్కో పేరు, అంతకు ముందు వారం ఆ పేరు గురించి వాళ్లే తెలుసుకురావాలి. సాహు పేరు చదివిన పిల్ల ఒడిశా వాళ్లమ్మాయి, ఈ ఏడాది తొమ్మిదో క్లాసు, ఆ పేరు ఇంకెవరికీ ఇవ్వనివ్వడం లేదు.

ముఖ్య అతిథి వద్దు. శాలువా అసలు వద్దు. మాట్లాడేవాళ్లు ఇద్దరే, ఒకరు పైన చెప్పిన అయిదు నిమిషాలు చదివేవాళ్లు, ఇంకొకరు ఎవరైనా ఫ్లయింగ్ చేసినవాళ్లో మెషిన్ల మీద పనిచేసినవాళ్లో దొరికితే వాళ్లు. బెంగళూరులో ఇలాంటివాళ్లు వీధికొకరు దొరుకుతారు, అడక్క బయటపడరు అంతే. వాళ్లని "మీరు ఎంతమందిని చంపారు" టైపు ప్రశ్నలు అడక్కుండా పిల్లలకి ముందే చెప్పి పెట్టండి. హెలికాప్టర్ ఎలా స్టార్ట్ చేస్తారు, చలిలో చేతులు ఎలా పనిచేస్తాయి, టిఫిన్ ఏం తినేవాళ్లు, ఇలాంటివి అడిగితే వాళ్లకీ హాయిగా ఉంటుంది.

కుటుంబాన్ని పిలవాలా

నా అభిప్రాయం, మొదటి రెండు మూడేళ్లు పిలవొద్దు. ముందు మనం సరిగ్గా చెయ్యడం నేర్చుకోవాలి. ఫేస్‌బుక్‌లో ఇంటిపేరు పట్టుకుని వెతికి మెసేజ్‌లు పెట్టడం, ఎవరి దగ్గరో నంబర్ సంపాదించి ఫోన్ చెయ్యడం, ఇవి చెయ్యకండి. ఆ తేదీ రోజు వాళ్ల ఇంట్లో ఏం జరుగుతుంటుందో మనకి తెలీదు. చెప్పాల్సింది ఉంటే జిల్లా సైనిక్ బోర్డు అని చాలా జిల్లాల్లో ఉంటుంది, అక్కడ ఉత్తరం ఇస్తే వాళ్లు చేరవేస్తారో లేదో వాళ్లు చూసుకుంటారు. జవాబు రాకపోతే రెండోసారి అడక్కండి. ఒకవేళ ఎవరైనా వస్తే వాళ్ల చేత ఏడిపించే మాటలు మాట్లాడించడం, మైక్ మూతి దగ్గర పెట్టడం, వీడియో తియ్యడం, ఇవేవీ వద్దు. కుర్చీ వేసి కాఫీ ఇవ్వండి, వాళ్లే మాట్లాడితే వినండి.

డబ్బు పోగైతే

మేం చందా ఎత్తం, కానీ ఎవరో ఒకరు ఇస్తామంటారు. ఇక్కడో గందరగోళం ఉంది. భారత్ కే వీర్ అనేది బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల వాళ్ల కోసం. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో యుద్ధ విధుల్లో పోయినవాళ్ల కుటుంబాల కోసం అయితే మా భారతీ కే సపూత్ అన్న సైట్ ఉంది, 2022లో పెట్టారు. డిసెంబర్ 7న సాయుధ దళాల ఫ్లాగ్ డే నిధి ఉండనే ఉంది. మనిషి ఫోటో పెట్టి యూపీఐ నంబర్ ఇచ్చే ఫార్వర్డ్‌లకి పైసా వెయ్యకండి.

పిల్లల్ని ఎక్కడికి తీసికెళ్లాలి

కార్యక్రమం తర్వాత వచ్చే ఆదివారం మేం ఒక చుట్టు చుడతాం. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద హెచ్‌ఏఎల్ మ్యూజియం ఉంది కదా, అక్కడ హెలికాప్టర్ల దగ్గర నిలబడితే ఎంత పల్చటి రేకులో కూర్చుని వెళ్తారో పిల్లలకి తెలుస్తుంది. నెహ్రూ ప్లానెటేరియం దగ్గర్లో నేషనల్ మిలిటరీ మెమోరియల్ పార్క్ ఉంది, అక్కడ స్వతంత్రం వచ్చాక యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు చెక్కారు, ఏకశిల వీరగల్లు, అంటే పోయిన వీరుడి గుర్తుగా నిలిపే రాయి, నిలబెట్టారు. పేరు వెతకడం పిల్లలకి అప్పజెప్పండి, గంట గడిచిపోతుంది, మధ్యలో ఫోన్ అడగరు.

నాకు అన్నిటికంటే ఇష్టం బేగూరు. నాగేశ్వరాలయంలో ఒక వీరగల్లు ఉంది, క్రీ.శ. 890 ప్రాంతంది, హళెగన్నడలో, అంటే పాత కన్నడలో, బెంగళూరు యుద్ధంలో ఒకడు పోయాడని రాసి ఉంది. బెంగళూరు అన్న పేరు రాతిలో దొరికిన పాత సాక్ష్యం అదే అంటారు. అంటే ఈ ఊరి పేరు మనకి తెలిసిందే యుద్ధంలో పోయినవాడి పేరు ఎవరో రాయి మీద చెక్కించబట్టి. మాది పల్నాడు వైపు. కారంపూడిలో ప్రతి ఏడాదీ కార్తీక అమావాస్యకి పల్నాటి వీరుల ఆరాధన మొదలై అయిదు రోజులు జరుగుతుంది, రోజుకో పేరు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. చిన్నప్పుడు మా తాత భుజాల మీద ఎక్కించుకుని తీసికెళ్లేవాడు. అక్కడ బాలచంద్రుడొక్కడే కాదు, కన్నమదాసునీ తలుస్తారు, ఊరూరి నించి వీరాచారులు ఆయుధాలు పట్టుకొస్తారు, ఒక్క పేరూ వదలరు. ఆ ఊళ్లో పుట్టి, పన్నెండడుగుల ఫ్లెక్స్ మీద ఇద్దరు సార్జెంట్లని వదిలేసింది నేనే, అదీ సంగతి.

ఎప్పుడైనా ఢిల్లీ వెళ్తే నేషనల్ వార్ మెమోరియల్‌లో త్యాగ చక్ర అన్న వలయాల్లో ఒక్కో గ్రానైట్ ఇటుక మీద ఒక్కో పేరు ఉంటుంది, ర్యాంకు పెద్దా చిన్నా అని లేకుండా అన్నీ ఒకే సైజు. అంకుల్ రూల్ అక్కణ్నించి వచ్చిందేమో అడిగితే నవ్వి ఊరుకున్నారు. లదాఖ్ ట్రిప్ వేసుకునే కుర్రాళ్లకి చెప్తుంటా, ద్రాస్‌లో కార్గిల్ వార్ మెమోరియల్ టోలోలింగ్ పాదాల దగ్గరే ఉంటుంది, బైకు ఫోటో దిగి వెళ్లిపోకుండా తలెత్తి ఒకసారి ఆ కొండని చూడండిరా అని.

టిఫిన్

ఇడ్లీ, పొంగల్, కాఫీ. ఎక్కువ చెయ్యొద్దు, స్వీట్ వద్దు. అందరూ కింద చాపలు వేసుకుని కూర్చుంటారు, సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ అక్కలు, లిఫ్ట్ రిపేర్‌కి ఆ రోజు ఎవరైనా వస్తే వాళ్లూ, అందరం ఒకే వరుస. పల్నాడులో దీన్ని చాపకూడు అంటాం, బ్రహ్మనాయుడి కాలం నించీ. మా నైట్ వాచ్‌మన్ వాళ్ల అన్న అస్సాం రైఫిల్స్‌లో ఉన్నాడని మాకు తెలిసింది ఆ చాప మీదే, అంతకు ముందు మూడేళ్లు ఆయన రోజూ మాకు గేటు తీశాడు.

ఎనిమిదింటికల్లా అయిపోతుంది. బల్ల తుడిచి, బోర్డుని గుడ్డలో చుట్టి, దీపం కడిగి, చదివిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మతాబు ఒకటి మిగిలితే అదీ వేసి, అన్నీ అట్టపెట్టెలో సర్దుతాం. పెట్టె క్లబ్‌హౌస్ బీరువా పై అరలో ఉంటుంది, తాళం సెక్యూరిటీ దగ్గర. వచ్చే ఏడాది నేను ఊళ్లో లేకపోతే ఎవరైనా రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకోండి, స్పీకర్ మాత్రం అంకుల్ ఇంట్లో ఉంది, ముందురోజు రాత్రే అడిగి ఛార్జింగ్ పెట్టండి.